అమ్మలూ, స్కానర్ సంగతి

అమ్మలూ,

పండక్కి ముందు నువ్వు అన్నావు కదా, "నాన్నా ఆ పాతది తీసెయ్, ఫాస్ట్‌గా లాగే స్కానర్ ఒకటి పంపిస్తా, ఏది కావాలో చూసి చెప్పు" అని. చూశాను. నెలన్నర నించి అదే పని, అన్నం పెట్టినా యూట్యూబ్ వదలట్లేదని మీ అమ్మ కేకలు. చెబుదామని మూడుసార్లు ఫోన్ చేశా, నువ్వు ఎత్తలా. మెసేజ్ పెడితే బ్లూ టిక్కులు పడతన్నయ్ గానీ జవాబు లేదు. అల్లుడుగారు కూడా "తర్వాత చేయిస్తా మావయ్యా" అని పెట్టేశారు. పనిలో ఉండుంటారులే. అందుకే తీరిగ్గా చదువుకుంటావని రాస్తన్నా.

నువ్వు చెప్పిన ఆ ఎప్సన్ ఫాస్ట్‌ఫోటో వద్దమ్మా. మంచి మిషనే, కాదనను. 36 ఫొటోలు దొంతరగా పెడితే 300 డీపీఐలో (డీపీఐ అంటే అంగుళానికి ఎన్ని చుక్కలు తీసుద్దో ఆ లెక్క) సెకనుకి ఒకటి లాగేసుద్ది, ఫొటో వెనకాల రాసినవి కూడా అదే చుట్టులో తీసుద్ది. నీ బారసాల ఫొటోల వెనక అమ్మమ్మ పెన్సిల్‌తో తేదీలు వేసింది చూడు, అవన్నీ వస్తయ్ కదా అని నేనూ ఆశపడ్డా. కానీ ఆరొందల డాలర్లు. ఇప్పుడు అంత పెట్టొద్దు. ఇప్పుడని ఎందుకంటున్నానంటే, మొన్న వ్రతంలో శేషు పిన్ని అన్నది, వాళ్ళ కోడలికి తెలిసినమ్మాయి ఎవరో మీ ఆఫీసేనంట, మీ టీములో సగం మందిని తీసేశారంట. నేను నమ్మలా. కుమార్ పెళ్ళప్పుడు పిన్ని ఏం చేసిందో మనకి తెలుసు కదా.

సరే, స్పీడు విషయం. అట్టపెట్టె మీద వేసే స్పీడు మామూలుగా 300 డీపీఐది. కాగితాలకి అది చాలు. మన ఫొటోలేమో చిన్నవి, వాటిని తర్వాత పెద్దవి చేయించాలంటే 600 పెట్టాల్సిందే. 600 అంటే రెట్టింపు అనుకుంటారు గానీ అడ్డం రెట్టింపు, నిలువు రెట్టింపు, మొత్తం నాలుగింతలు. ఏ4 కలర్ పేజీ 300లో కుదించకుండా ఉంచితే 26 ఎంబీ, 600లో 100 దాటుద్ది. మన పాతది అందుకే మూలుగుతా నిమిషం పైన తీసుకుంటంది, కంప్యూటర్ కూడా దాంతోపాటే బిగుసుకుపోతంది.

ఇక ఫీడర్ అంటే, అదే, దొంతరలోనించి ఫొటోల్ని ఒక్కొక్కటే రోలర్లతో లోపలికి లాక్కునేది, నాకు భయం. ఎందుకో నీకు చెప్పలా, చెబితే బాధపడతావని. అమ్మకి కంటి ఆపరేషన్ అయిన ఏడాది, ఆమె మంచం మీద ఉన్నప్పుడు టీవీలో పాత ఫొటోలన్నీ వేసి చూపిద్దామని రెండొందల పైన ఫొటోలు సంచిలో వేసుకుని బజార్లో ఒక షాపుకి పోయా. కుర్రాడు మంచివాడే, పంతొమ్మిదేళ్ళుంటయ్, గంటలో చేసిచ్చాడు, పెన్ డ్రైవ్ జేబులో వేసుకుని సంబరంగా ఇంటికొచ్చా. రాత్రి టీవీలో పెడితే ప్రతి ఫొటోలో పైనించి కింద దాకా సన్నటి ఆకుపచ్చ గీత. ఒక్కటి కాదు, అన్నింట్లో, అదే చోట. నీ మొదటి పుట్టినరోజు ఫొటోలో ఆ గీత సరిగ్గా తాతయ్య మొహం మీదుగా పోయింది. పొద్దున్నే మళ్ళీ పోయి మూత తీయించా. లోపల వేలెడు వెడల్పు గాజు పట్టీ ఉంటది, దాని మీద మన ఆల్బమ్ జిగురే, ఆవగింజలో సగం ఉంటదేమో, అంటుకుని ఉంది. గ్లాస్ మీద పెట్టి తీస్తే మచ్చ మచ్చగానే పడుద్ది. ఫీడర్‌లో కన్ను ఒకచోటే ఉంటది, ఫొటో దాని ముందు నించి జరిగిపోద్ది, అందుకని మచ్చ కాస్తా గీతవుద్ది. పైగా తాతయ్య అట్ట ఫొటో, మద్రాసులో తీయించుకున్నది, రోలర్లలో వంగి మూల చిట్లింది. కుర్రాడు ఏడుపు మొహం పెట్టాడు, ఏమంటాను. మీ అమ్మ ఆ మూల మీద వేలు పెట్టి చూసింది, రెండు రోజులు సరిగ్గా మాట్లాడలా. అవన్నీ మళ్ళీ పాతదాంట్లోనే నేను తీశా, మధ్యాహ్నం పూట రోజుకి ఐదో ఆరో.

అందుకని తేల్చింది ఏంటంటే కానన్ లైడ్ 400. ఏ4కి 300లో 8 సెకన్లంట, వేరే కరెంటు ప్లగ్గు అక్కర్లా, యూఎస్‌బీ వైరుతోనే నడుసుద్ది. గ్లాస్ మీద నాలుగు ఫొటోలు మధ్యలో కాస్త సందు ఉంచి పెడితే ఒక్కసారే తీసి సాఫ్ట్‌వేర్ విడదీసుద్ది. ఒకటే లోపం, గాజుకి ఆనినంత వరకే స్పష్టంగా వస్తది, వంగిన ఫొటో అంచులు మసక. దానికి రాత్రి పూట నీ ఇంజనీరింగ్ పుస్తకాల కింద పెడతన్నా, పొద్దుటికి చదునవుతన్నయ్. అసలు టైమంతా మిషన్ దగ్గర కాదు పోయేది. జిగురు ఆల్బమ్‌లోనించి ఊడదీయటం, తుడవటం, పెట్టటం. పళ్ళ సందుల్లో లాగే ఆ దారం, ఫ్లాస్, ఫొటో కింద మెల్లగా అటూ ఇటూ లాగితే చిరక్కుండా వస్తది. పొలం దస్తావేజులు కూడా ఎట్టా ఫీడర్‌లో వెయ్యలేం, మడతల దగ్గర విడిపోతన్నయ్. నేను చేరినప్పుడు రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఒక్కో దస్తావేజు చేత్తో వాల్యూముల్లోకి ఎక్కించేవాళ్ళం, 1998లో రిజిస్ట్రేషన్లు కంప్యూటర్లో చేసే 'కార్డ్' పథకం వచ్చాక కంప్యూటర్లు, స్కానర్లు మొదలయ్యాయి. అప్పటినించీ చూస్తన్నా, పాత కాగితాన్ని తొందరపెడితే చిరుగుద్ది.

అది ఇక్కడే దొరుకుద్ది. నా పెన్షన్‌లోనే కొనుక్కుంటా. నువ్వు ఏమీ పంపొద్దు.

నీ కాగితాలు కూడా స్కాన్ చేసి పెట్టుకో. ఐ-797 (అదే, వీసా అప్రూవల్ కాగితం), పే స్లిప్పులు, పండు బర్త్ సర్టిఫికెట్, అన్నీ. ఫైలు పేరు ముందు సంవత్సరం వెయ్యి, రెండు చోట్ల దాచు. హెచ్1 వీసా మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే అక్కడ ఉండటానికి 60 రోజుల గడువేనంట కదా. పేపర్లో చదివా, ఊరికే చెబుతన్నా. ఒకవేళ అట్టాంటిది ఏమన్నా ఉంటే క్రెడిట్ కార్డు మీద నెట్టుకు రావద్దు, ఒక్కదానివే కూర్చుని లెక్కలెయ్యొద్దు, రాత్రుళ్ళు మేలుకోవద్దు, నీకు అసలే తలనొప్పి. నేను ఉపన్యాసం చెప్పనని మీ అమ్మకి మాటిచ్చా, ఇక ఆపుతా.

పై గదికి రంగు వేయించా, ఏసీ కూడా పెట్టించా. స్కానర్ అక్కడ పెట్టుకుందామని. మంచం అట్టాగే ఉంది, తియ్యలా.

అమ్మ గోంగూర రెండు సీసాలు, పండుకి కారం తక్కువేసి కందిపొడి చేసింది. బుధవారం కొరియర్‌లో వేస్తా. పాత అడ్రసుకే పంపనా, ఇల్లేమన్నా మారారా? అది ఒక్కటి చెప్పు.

నాన్న