మార్చేది మా వాడినేనా?

ఎడిటర్ గారికి నమస్కారం అండీ,

మా బాబు ఏడో క్లాసు, వాడికి కొంచెం నత్తి ఉంది. పొద్దున్నే అటెండెన్స్ పిలిచినప్పుడు వాడు "ప్రెజెంట్ మేడమ్" అనేలోపే వెనక బెంచీల్లోంచి నలుగురైదుగురు "ప్ప్ప్రె" అని మొదలెడతారంట, ఇక క్లాసంతా నవ్వే. జూన్ నుంచి ఇదే వరస, మాకు తెలిసింది మాత్రం దసరా సెలవులయ్యాక, స్కూలుకి వెళ్లనని బాత్రూమ్‌లో గడియ పెట్టుకున్న రోజు.

వెళ్లి క్లాస్ టీచర్ గారికి చెప్తే "పిల్లలు కదండీ, సరదాకి అంటారు, మీరే కాస్త ధైర్యం చెప్పండి" అన్నారు. మర్నాడు అందర్నీ క్లాసు ముందు నిలబెట్టి షేక్‌హ్యాండ్ ఇప్పించారు. ఇద్దరు కొట్టుకుంటే షేక్‌హ్యాండ్ ఇప్పించొచ్చు, ఇక్కడ మా వాడు ఎవర్నేమన్నాడని? ఆ సాయంత్రమే బస్సులో "అమ్మకి చెప్తావా" అని వాడి లంచ్ బాక్స్ కిటికీలోంచి పారేశారు. మళ్లీ వెళ్లాం. ఈసారి వాడి సీటు మార్చారు, బస్సు మార్చుకోమన్నారు, అటెండెన్స్‌కి నోటితో చెప్పక్కర్లేదు చెయ్యెత్తితే చాలన్నారు. మేడమ్ గారు మంచి మనసుతోనే అన్నారు, యాభై మంది పిల్లలతో ఆవిడ పాట్లు ఆవిడవి, కాదనను. కానీ మార్పులన్నీ మా వాడికే, అన్నవాళ్లకి ఒక్కటీ లేదు. వాడికి పద్యాలంటే ప్రాణం, రాగం తీసి పాడితే నత్తి అసలు రాదు, ఇప్పుడు ఇంట్లో అప్పజెప్పమన్నా "రాసి చూపిస్తానమ్మా" అంటున్నాడు.

ర్యాగింగ్ అంటే ఇంజనీరింగ్ కాలేజీల గొడవ అనుకుంటాం అందరం. 1997లోనే మన ఉమ్మడి రాష్ట్రంలో ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది, ఒక స్టూడెంట్‌కి అవమానం, భయం కలిగించడం కూడా ర్యాగింగే అని, ఫిర్యాదు వచ్చాక పట్టించుకోని యాజమాన్యం దానికి తోడ్పడినట్టేనని అందులో ఉంది. సీబీఎస్ఈ అయితే 2015లో తన స్కూళ్లన్నిట్లో ఇలాంటివి చూడ్డానికి టీచర్లు, కౌన్సెలర్, పేరెంట్స్‌తో కమిటీ వెయ్యమంది. మాది స్టేట్ సిలబస్ స్కూలు, కమిటీ సంగతి అడిగితే ప్రిన్సిపల్ గారు నా మొహం వంక చూశారు.

మేము అడిగేది టీసీ ఇచ్చి ఎవర్నో పంపించెయ్యమని కాదు, వాళ్లూ పిల్లలే. మా వాణ్ణి అందరి ముందు కాకుండా విడిగా కూర్చోబెట్టి అడగండి, చెప్పింది రిజిస్టర్‌లో రాయండి, ఆ పిల్లల అమ్మానాన్నల్ని కూడా పిలిపించండి, బస్సులో ఆయాకి చెప్పి ఉంచండి, రెండు వారాలయ్యాక మళ్లీ వాణ్ణే అడగండి ఆగిందా లేదా అని. ముఖ్యంగా క్లాసంతా నవ్వుతుంటే మేడమ్ గారు అటెండెన్స్ ఆపి, ఆ నవ్వు ఆగేదాకా పుస్తకం ముయ్యాలి. దీనికి డబ్బులేం అవ్వవు కదండీ.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల కంటే ముందు నేను ఇదే అడగబోతున్నా, ఇది చదివిన మిగతా అమ్మానాన్నలు కూడా మీ స్కూల్లో అడగండి, మీ పిల్లాడు అన్నవాళ్లలో ఉన్నా సరే.

ఇట్లు,
ఒక తల్లి, తెనాలి