రాత్రి ఏడింటికి ఎండ

పలాస స్టేషన్,
మంగళవారం సాయంత్రం

ఒరేయ్ కూర్మా,

నీ ఉత్తరం వచ్చి మూడు నెలలు దాటింది. ముందు తిట్టుకో, తర్వాత చదువు. జవాబు రాద్దామని రెండుసార్లు కూర్చున్నాను. రెండుసార్లూ నేను సీసీ కెమెరాలు బిగించిన చోటి నుంచి ఎవరో ఒకరు ఫోన్ చేసి "కెమెరా రావట్లేదు" అన్నారు. ఒకచోట వైరు ఎలుక కొరికేసింది. ఇంకోచోట ఇంటాయనే మన ప్లగ్గు పీకి సెల్లు ఛార్జింగ్ పెట్టుకున్నాడు. ఇప్పుడు డెలివరీ చలానా పుస్తకంలో కాగితాలు చింపి వెనకవైపు రాస్తున్నాను. తిప్పి చూస్తే ఎవరిదో డీవీఆర్ (కెమెరాల రికార్డింగు పెట్టె) నంబరు ఉంటుంది, పట్టించుకోకు. బండి గంట లేటట, అంటే గంటన్నర.

ఊరి కబుర్లు ఒక్క గుక్కలో చెప్పేస్తాను. నాన్న మోకాలు అలాగే ఉంది. చెల్లికి సంబంధం కుదిరింది, పొందూరు వాళ్ళు, మాఘంలో పెళ్ళి, సెలవు ఇప్పుడే పెట్టు. మీ పెరట్లో మునగచెట్టు గాలికి పడిపోయింది, కాయలు వృథా కాలేదు, మేం తిన్నాం. బొంగరం మాస్టారు రిటైరయ్యారు. వీడ్కోలు సభలో కూడా ఆ మాటే అన్నారు! నువ్వుంటే మళ్ళీ బయటికి పంపించేవారు. అంతే.

ఇక అసలు సంగతి. నేను సరిగ్గా చూడని ఒక సెట్టింగు వల్ల ఈ రోజు ఒకామె దొంగ అయిపోబోయింది. మధ్యాహ్నం నుంచి ఎవరికైనా చెప్పుకోవాలని గొంతు దాకా వస్తోంది. వాయిస్ మెసేజ్ పెడదామని నొక్కాను, మాట రాలేదు.

కార్తీకంలో కాశీబుగ్గ దగ్గర ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ షావుకారు పిలిచాడు. మనిషి మంచివాడే. కాకపోతే డజను అరటిపళ్ళు కొన్నా మూడు బళ్ళ దగ్గర బేరమాడతాడు. కెమెరాలకు కూడా మూడు కొటేషన్లు తీసుకున్నాడు. మిగతా ఇద్దరూ పదహారేసి కెమెరాలు రాశారు, అన్నీ వెడల్పుగా చూసే 2.8 ఎంఎం లెన్సు డోము కెమెరాలే, 1 టీబీ (వెయ్యి జీబీ) హార్డ్ డిస్క్. నేను పది రాశాను.

"అందరూ పదహారంటే నువ్వు పదంటావేంటి? పైగా రేటు వాళ్ళకంటే ఎక్కువ!"

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు కాబట్టి సంచీలో ఎప్పుడూ రెండు కెమెరాలు, చేతిలో పట్టే చిన్న టెస్టింగ్ మానిటర్ పెట్టుకుని తిరుగుతాను. గేటుకు పది మీటర్ల దూరంలో ఉన్న స్తంభం దగ్గర నిలబడి ముందు 2.8 చూపించాను. గేటు, చింతచెట్టు, రోడ్డవతల టీ బండి, దాని పక్కన ఆవు, అన్నీ వచ్చాయి. షావుకారు తెగ సంబరపడ్డాడు. "వాచ్‌మన్ మొహం చూడండి" అన్నాను. మొహం ఉండాల్సిన చోట గోధుమరంగు మచ్చ ఉంది. తర్వాత 8 ఎంఎం పెట్టాను. టీ బండి పోయింది, ఆవు పోయింది, వాచ్‌మన్ మీసం, నుదుటి మీద బొట్టు వచ్చాయి. లెక్క ఏమంత పెద్దది కాదురా. రెండు మెగాపిక్సెల్ అంటే అడ్డంగా 1920 చుక్కలు. అంత దూరంలో 2.8 లెన్స్ పాతిక మీటర్ల వెడల్పు చూస్తుంది, మీటరుకు ఎనభై చుక్కలు కూడా రావు. ముక్కూమొహం తెలియని మనిషిని గుర్తుపట్టాలంటే మీటరుకు 250 కావాలి. 8 ఎంఎం అయితే వెడల్పు ఏడు మీటర్లకు తగ్గి ఆ లెక్క సరిపోతుంది. ఆవు కావాలా, దొంగ కావాలా అని అడిగాను. నవ్వాడు, గేటుకు ఒప్పుకున్నాడు.

ఎన్వీఆర్, అంటే నెట్‌వర్క్ కేబుల్ మీద నడిచే రికార్డర్ పెట్టించుకుంటేనే గొప్ప అని ఆయనకు ఎవరో ఎక్కించారు. గేటు నుంచి ఆఫీసుకు నూట ముప్పై మీటర్లు, నెట్‌వర్క్ కేబులేమో నూరు మీటర్ల దాకే. గోడల్లో తిత్లీ తుఫాను తర్వాత వేయించిన పాత కోయాక్సియల్ వైరు (టీవీ కేబుల్ లాంటిది) బంగారంలా ఉంది. దాన్ని పీకి పారేసి కొత్తది వేస్తే నాకే లాభం. అయినా ఆ పాత వైరు మీదే నడిచే డీవీఆరే పెట్టుకోమన్నాను. డిస్కు దగ్గర మాత్రం పట్టుబట్టాను. ఒక్క కెమెరా సెకనుకు 2 మెగాబిట్లతో రాత్రీపగలూ రాస్తే రోజుకు 21.6 జీబీ. పది కెమెరాలకు 216. వాళ్ళు రాసిన 1 టీబీ పదికే ఐదు రోజులు రాదు, ఇక పదహారుకు చెప్పక్కర్లేదు. ఈయన సరుకు లెక్క చూసేది నెలాఖరున! 8 టీబీ వేయించాను, నిఘా రికార్డింగు కోసం చేసిన డిస్కే, కంప్యూటర్లలో పెట్టేది కాదు. మిగతా ఇద్దరిలో ఒకతను పాత స్టాకు కెమెరాలు సగం రేటుకిస్తానన్నాడట. 2025 ఏప్రిల్ 9 నుంచి ప్రభుత్వం గుర్తించిన ల్యాబులో భద్రతా పరీక్ష పాసైనవే అమ్మాలి, అందుకే ఆ రేటు అని చెప్పాను.

చూశావా, ఎంత గొప్పగా చెప్పుకుంటున్నానో. లెన్సు చూశాను, వైరు చూశాను, డిస్కు చూశాను. ఇవన్నీ చూసినవాడిని...

ఇంటర్నెట్ మాత్రం వద్దన్నాడు. "ఫోన్లో పెడితే నేను రోజుకు ఎన్ని టీలు తాగుతున్నానో మా ఆవిడ చూస్తుంది" అన్నాడు. సరే అని నా సెల్లు చూసి డీవీఆర్‌లో టైము చేత్తో పెట్టి, బండి టైమవుతోందని పరిగెత్తాను. ఇది గుర్తుపెట్టుకో.

నిన్న ఫోన్ వచ్చింది. ప్యాకింగ్ గదిలో పది కిలోల టిన్నులు రెండు తగ్గాయి, దొంగ కెమెరాలో దొరికింది, పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాలి రమ్మన్నారు. అది మామూలే. ఇదివరకు ఆ సర్టిఫికెట్‌ను 65బి అనేవాళ్ళం, 2024 జులై నుంచి కొత్త సాక్ష్య చట్టంలో 63వ సెక్షన్ అయింది. వీడియోను పోలీస్ స్టేషన్‌కు ఇచ్చేటప్పుడు ఆ కాగితం ఉండాలి. నిజం చెప్పనా? వస్తూ దారంతా పొంగిపోయాను. నా కెమెరా దొంగను పట్టింది కదా!

ఆఫీసు బయట స్టూలు మీద ఒకామె కూర్చుంది. యాభై దాటి ఉంటాయి. పేరు పార్వతమ్మ. ఇరవై ఏళ్ళు జీడిపిక్కల కటింగ్‌లో చేసి, చూపు తగ్గాక ప్యాకింగ్‌కు మారిందట. నిన్నటి నుంచి ఆ స్టూలు మీదే. రాత్రి ఇల్లు కూడా వెతికారు. లోపల షావుకారు మేనల్లుడు ఫోన్లో క్లిప్ చూపించాడు. శనివారం, రాత్రి 7:10, పడమటి వసారా కెమెరా. పార్వతమ్మ ప్యాకింగ్ గదిలోంచి పెద్ద మూటతో బయటికి వస్తోంది. ఫ్యాక్టరీ ఆరింటికి మూసేస్తారు. ఆమేమో ఆ మూట ఉతకాల్సిన గుడ్డలని, ప్రతి శనివారం తనే పట్టుకెళ్తానని, ఐదింటికల్లా ఇంట్లో ఉన్నానని చెబుతోందట.

"కెమెరా అబద్ధం చెబుతుందా అప్పల్రాజు గారూ?" అన్నాడు మేనల్లుడు.

"చెప్పదండీ" అన్నాను. నా నోటితోనే అన్నాను రా ఆ మాట.

కూర్చుని కాపీ పెట్టాను. ఎక్కేలోపు ఊరికే ఆ ముక్క మళ్ళీ చూస్తున్నాను. నాలుగోసారో ఐదోసారో, ఆమె మెట్టు దిగేటప్పుడు చీర అంచు కనిపించింది. ఆకుపచ్చ. మెట్టు మీద కిటికీ ఊచల నీడలు పొడుగ్గా పడి ఉన్నాయి. నీడలు! మార్గశిరంలో మన వైపు ఐదుంబావు దాటితే సూర్యుడుండడు. ఏడుంబావుకు ఆ కెమెరా ఐఆర్ లైట్ (చీకట్లో చూడ్డానికి వేసుకునే లైటు) వేసుకుని తెలుపూ నలుపుల్లో చూపించాలి. చీర ఆకుపచ్చగా ఎలా కనిపిస్తుంది?

గేటు కెమెరాలో అదే టైముకు తీశాను. రాత్రి ఏడుంబావుకు గేటు దగ్గర సైకిళ్ళు బారులు తీరి ఉన్నాయి, టీ తాగుతున్నారు, పట్టపగలు. మేనల్లుడు ఆ ఒక్క వసారా కెమెరా తప్ప మిగతావి చూసిన పాపాన పోలేదు. లైవ్ పెట్టి నా సెల్లు పక్కన పెట్టుకున్నాను. సెల్లులో 12:20. తెర మీద 2:50.

రెండున్నర గంటలు. నా చేతులు చల్లబడిపోయాయి. ఎందుకో నీకు ఒక్క ముక్కలో చెబుతాను. ఈ పెట్టెల్లో చాలావాటికి తయారైన చోట చైనా టైమ్ జోన్ ఉంటుంది, గ్రీనిచ్ టైముకు ప్లస్ ఎనిమిది గంటలు. మనది ప్లస్ ఐదున్నర. టైము చేత్తో పెడితే తేడా తెలీదు. తర్వాత ఎప్పుడైనా ఇంటర్నెట్ తగిలిస్తే అది నెట్‌లోంచి టైము తెచ్చుకుని, తన లెక్కకు మార్చుకుని, రెండున్నర గంటలు ముందుకు దూకేస్తుంది. నేను వెళ్ళిన పది రోజులకు మేనల్లుడు నెట్ కలుపుకున్నాడట, ఫోన్లో చూసుకోవడానికి. మామయ్యకు చెప్పకుండా. టైమ్ జోన్ మార్చడానికి మెనూలో రెండు నొక్కులు. ఆ రోజు నేను నొక్కలేదు.

ఇప్పుడు చెప్పేది నీకొక్కడికే. నొక్కేద్దామనుకున్నాను. ఎవరూ చూడట్లేదు. షావుకారు ఫోన్లో ఉన్నాడు, మేనల్లుడు బయట సిగరెట్ తాగుతున్నాడు. టైము సరిచేసి, "వీడియోలో ఏదో తేడా ఉందండీ, సర్టిఫికెట్ ఇవ్వలేను" అని గొణిగి బయటపడొచ్చు. ఒక అర నిమిషం, కాదు, ఒక నిమిషం మౌస్ అక్కడే ఉంది. నా ఎడమ చెవి కాలిపోయింది. నాగావళి ఒడ్డున ఆ రోజు చూశావు కదా నా చెవి, అలాగే.

అప్పుడు ఆఫీసు తలుపు సందులోంచి పార్వతమ్మ చేతులు కనిపించాయి. ఒళ్ళో పెట్టుకుని ఉంది. గోళ్ళ చుట్టూ నలుపు, బొటనవేలి చర్మం పొరలు పొరలుగా లేచి ఉంది. జీడి నూనె తిన్న చేతులు మానవు కదా. మీ అమ్మ నీ పెళ్ళి ఫొటోల్లో చేతులు కొంగులో దాచుకుంది చూడు... ఇంక రాయను.

చెప్పేశాను. "షావుకారు గారూ, తప్పు నాది. టైము రెండున్నర గంటలు ముందుంది. ఇది సాయంత్రం 4:40. అప్పటికి ఫ్యాక్టరీ ఇంకా మూయలేదు." ఆయన నమ్మలేదు. ఆకుపచ్చ చీర చూపించాను, నీడ చూపించాను, సైకిళ్ళు చూపించాను, గోడ గడియారం పక్కన లైవ్ చూపించాను. అప్పుడు కూర్చున్నాడు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి నిజంగా మూసేశాక ఎవరొచ్చారు?" అన్నాడు.

వసారా కెమెరాలో తెర మీది టైము 8:30 నుంచి ముందుకు నడిపించాను. 10:30కి, అంటే అసలు టైము రాత్రి ఎనిమిదికి, తలుపు దగ్గర ఒక మనిషి. హెల్మెట్ తీయలేదు. తాళం పగలగొట్టలేదు, జేబులోంచి తాళంచెవి తీసి తెరిచాడు. మొహం లేదు, వీపు మాత్రమే, చెప్పులు ఈడ్చే నడక. నాకు ఎవరో తెలీదు, తెలిసినా... షావుకారుకు మాత్రం తెలిసింది. "ఆపు" అన్నాడు. ఆపేలోపు ఆయనే లేచి మానిటర్ స్విచ్ నొక్కేశాడు. "పోలీసులొద్దు" అన్నాడు. అప్పుడే మేనల్లుడు లోపలికి వచ్చాడు. అంతవరకే రాస్తాను. మిగతాది నువ్వు పెళ్ళికొచ్చాక, అరుగు మీద.

బయటికి వచ్చి ఆమె ముందు నిలబడ్డాను. ఏం చెప్పాలో తెలీలేదు. "అమ్మా, గడియారం తప్పు, నేనే సరిగ్గా పెట్టలేదు" అన్నాను. అర్థమైందో లేదో.

"అయితే అందులో నాను లేనా బాబూ?"

"ఉన్నావమ్మా. కానీ సాయంత్రం నాలుగున్నరకు ఉన్నావు."

"అదే గదా నిన్నటి నుంచి నాను సెప్తన్నది" అంది. కోపంగా కూడా అనలేదు. లేచి స్టూలు గోడకు జరిపి పెట్టి, "రెండు రోజుల కూలి ఇమ్మని నువ్వైనా సెప్పు బాబూ" అంది. చెప్పాను. ఇస్తానన్నాడు. ఇల్లు వెతికినందుకు ఏమిస్తారో నేను అడగలేదు. అడగాల్సింది. నా బిల్లు అడిగాడు, వద్దన్నాను. వద్దన్నందుకు ఏదో మంచిపని చేసినట్టు ఒక క్షణం అనిపించింది చూడు, అప్పుడు నా మీద నాకే రోత పుట్టింది.

స్టేషన్‌కొచ్చాక నేను పెట్టిన సెట్లన్నీ ఒక్కొక్కటీ గుర్తు చేసుకున్నాను. నరసన్నపేట బట్టల షాపు, టెక్కలి గ్రానైట్ యార్డు, ఆమదాలవలస బియ్యం మిల్లు, ఏడు రోడ్ల దగ్గర మందుల షాపు. నెట్ లేకుండా ఎన్నింటికి చేత్తో టైము పెట్టానో. పదకొండు ఇప్పటికే చలానా మీద రాశాను, రేపటి నుంచి తిరగాలి. ఫోన్ చేసి అడిగితే అందరూ "టైము బానే ఉందండీ" అంటారు, ఎవడూ చూడడు.

అన్నట్టు మీ మియాపూర్ అపార్ట్‌మెంట్ సంగతి అడిగావు కదా, దాని కోసమే ఉత్తరం రాశావు, నేను చివరిదాకా మర్చిపోయాను. మీ సంఘం సెక్రటరీ చెప్పిన 32 కెమెరాలు దండగ. గేటుకు రెండు, లోపలికొచ్చే బండికి ఒకటి, వెళ్ళే బండికి ఒకటి, మనిషి ఎత్తుకు కొంచెం పైన. రెండో అంతస్తు ఎత్తున పెడితే బట్టతలలే కనిపిస్తాయి. సెల్లార్‌లో ర్యాంపు దగ్గర ఎదురు వెలుతురు పడుతుంది కాబట్టి డబ్ల్యూడీఆర్ (ఎదురు వెలుతురులో కూడా మొహం నల్లబడకుండా చూపించేది) ఉన్నది అడుగు, 120 డీబీ అని రాసి ఉండాలి. పాస్‌వర్డ్ ఫ్యాక్టరీదే ఉంచనివ్వకు. 2016లో మిరాయ్ అనే వైరస్ అలాంటి కెమెరాల్లోకి, రికార్డర్లలోకి లక్షల్లో దూరింది. పెట్టే కుర్రాడు వెళ్ళిపోయే ముందు టైమ్ జోన్ నువ్వే దగ్గరుండి చూడు, నా మీద ఒట్టు. ఇక లిఫ్టు. లిఫ్టులో మామూలు వైరు వేయించావంటే అది కిందికీ పైకీ ఊగి ఊగి ఆరు నెలల్లో లోపల తెగిపోతుంది, దానికి వేరే

బండి వచ్చేసింది, రెండో నంబరుకట, పరిగెత్తాలి. లిఫ్టు సంగతి ఫోన్లో. మీ అమ్మను అడిగానని చెప్పు.

నీ
అప్పల్రాజు