శీనుగాడికి, త్రీడీ పని గురించి

ఒరేయ్ శీనూ,

నీ మెసేజ్ రాత్రి చూశాను. ఫోన్‌లో చెబుదామనుకున్నా గానీ, నువ్వు అడిగినవి ఫోన్‌లో తేలేవి కావు. సైట్ పని మానేసి త్రీడీ విజువలైజేషన్‌లోకి, అంటే కట్టబోయే ఇళ్ల బొమ్మల్ని కంప్యూటర్లో ఫోటోల్లా తయారుచేసే మా పనిలోకి, వద్దామనుకుంటున్నావు, ఏ కోర్సులో చేరాలి, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి అంటున్నావు. నన్నడిగితే అవి అన్నిటికన్నా చివర అడగాల్సిన ప్రశ్నలు రా. అయినా నీకు నిద్ర పట్టదు కాబట్టి ముందు వాటి సంగతే తేల్చేస్తా.

ఇక్కడి ఆఫీసుల్లో ఎక్కువగా కనబడేది త్రీడీఎస్ మ్యాక్స్, దానిమీద వెలుగునీడలు తెచ్చి ఫోటోలాంటి బొమ్మ తీసే వీ-రే గానీ కరోనా గానీ. చిన్న ఆర్కిటెక్టుల దగ్గర స్కెచప్, దానికి తోడు ఎన్‌స్కేపో ల్యూమియనో. ఇంట్లో నడుస్తున్నట్టు చూపే వీడియోలు, అదే వాక్‌త్రూలు, చేసేవాళ్లు అన్‌రియల్ ఇంజిన్ వైపు వెళుతున్నారు. మ్యాక్స్ విద్యార్థులకు ఉచితమే గానీ మనం ఆ వయసు దాటేశాం, సొంతంగా కొనాలంటే చేతి చమురు బాగా వదులుతుంది. నువ్వు బ్లెండర్‌తో మొదలుపెట్టు, అదీ ఇలాంటి త్రీడీ సాఫ్ట్‌వేరే. పూర్తిగా ఉచితం, దొంగ కాపీ వేసుకున్నామన్న టెన్షన్ ఉండదు. అందులో వెలుగు ఎలా పడుతుందో, కెమెరా ఎక్కడ పెట్టాలో ఒంటబట్టాక, రేపు ఏ ఆఫీసులో మ్యాక్స్ ఇచ్చినా బటన్లు ఎక్కడున్నాయో వెతుక్కోవడమే మిగులుతుంది. జాబ్ గ్యారంటీ అని బోర్డు పెట్టినవాళ్లకి మాత్రం డబ్బు కట్టకు. వాళ్లు చెప్పే పాఠాలు యూట్యూబ్‌లో అంతకన్నా బాగా ఉన్నాయి.

ఇక అసలు విషయం. మన హైటెక్ సిటీలో 2018లో తెరిచిన ఐకియా ఉంది కదా, ఆ కంపెనీ కేటలాగు కథ నీకు చెప్పాలి. 2006లో ఒక చెక్క కుర్చీ బొమ్మని కంప్యూటర్లో తయారుచేసి కేటలాగులో పెట్టారు. 2014 నాటికి వాళ్ల ప్రొడక్ట్ బొమ్మల్లో సుమారు 75 శాతం ఫోటోలు కావు, కంప్యూటర్లో పుట్టినవే. అయితే మధ్యలో ఓ చిక్కొచ్చింది. కొన్ని బొమ్మలు కృత్రిమంగా వస్తున్నాయి. అప్పుడు వాళ్లేం చేశారంటే, ఫోటోగ్రాఫర్లందరికీ త్రీడీ నేర్పారు, త్రీడీ వాళ్లందరి చేతికీ కెమెరాలిచ్చారు. బొమ్మల నాణ్యత అప్పుడు పెరిగింది. ఇందులో మనకి పనికొచ్చేది ఆ రెండో సగం, త్రీడీ వాళ్లు కెమెరా పట్టడం. మన దగ్గర ఎవరూ చెయ్యనిది కూడా అదే.

కాబట్టి నీ మొదటి ప్రాజెక్టు విల్లా కాదు, ఎయిర్‌పోర్టు కాదు. మీ ఇంటి వరండా. నవ్వకు. టేపు పట్టుకుని గోడలు, గుమ్మం, కిటికీ, అరుగు అన్నీ కొలువు. ఉదయం తొమ్మిదింటికి ఒక ఫోటో తియ్యి. ఫోన్ ఎంత ఎత్తులో పట్టుకున్నావో, ఎక్కడ నిలబడ్డావో రాసిపెట్టుకో. తర్వాత అదే వరండాని బ్లెండర్లో కట్టి, అదే చోట కెమెరా పెట్టి, అదే వెలుగు రప్పించు. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టినప్పుడు నీకే తెలుస్తుంది ఎక్కడ తేడా కొడుతోందో. నీ గోడ సున్నం వేసినట్టు కాకుండా ట్యూబ్‌లైట్‌లా వెలుగుతూ ఉంటుంది, ఎందుకంటే తెలుపుకి 255, అంటే కంప్యూటర్లో అన్నిటికన్నా తెల్లటి అంకె, ఇచ్చేసి ఉంటావు. నిజం గోడ, ఎంత తెల్లటిదైనా, తనమీద పడిన వెలుగులో నూటికి ఎనభై వంతులో ఆ చుట్టుపక్కలో వెనక్కి ఇస్తుంది, మిగతాది మింగేస్తుంది. అంచులు చూడు. కంప్యూటర్లో గట్టు అంచు కత్తి వాదరలా ఉంటుంది. మీ ఇంట్లో గ్రానైట్ ప్లాట్‌ఫామ్ అంచు మీద వేలు పెట్టి చూడు, మేస్త్రీ ఎంత పదునుగా తీసినా రెండు మిల్లీమీటర్ల గుండ్రం ఉంటుంది, ఆ గుండ్రం మీదే సన్నటి మెరుపు గీత పడుతుంది. ఆ గీత లేకపోతే చూసేవాడికి కారణం తెలియదు గానీ, ఇది బొమ్మ అని మాత్రం తెలిసిపోతుంది.

గ్రానైట్ అంటే గుర్తొచ్చింది. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ తెలుసుగా, నల్లరాతిలో బంగారు చుక్కలు. మొన్న కొత్తగా చేరిన ఓ కుర్రాడు వంటగది వ్యూ చేశాడు. టెక్స్చర్, అంటే గట్టు మీద అతికించే రాతి ఫోటో, దాని స్కేల్ చూసుకోలేదు. ఆవగింజంత ఉండాల్సిన చుక్క రూపాయి బిళ్లంత అయ్యింది. వాడికి అందులో తప్పేమీ కనబడలేదు, ఎందుకంటే వాడు ఆ రాయిని ఎప్పుడూ దగ్గరగా చూడలేదు. నువ్వయితే చూడగానే పట్టేస్తావు. అక్కడే నీ బలం ఉంది శీనూ. బీమ్ ఎంత కిందికి దిగుతుందో, గుమ్మం మీది లింటెల్ ఎక్కడొస్తుందో, రెండు బై నాలుగు టైల్స్ వేస్తే గది మూల ముక్క ఎంత మిగులుతుందో నీకు తెలుసు. ప్లాన్, బిల్డింగ్‌ని నిలువుగా కోసినట్టు చూపే సెక్షన్ డ్రాయింగ్ చూసి బిల్డింగ్‌ని మనసులో లేపగలవు. ఇక్కడ సాఫ్ట్‌వేర్ కరతలామలకం అయినవాళ్లు చాలామంది సెక్షన్ చూస్తే బిక్కమొహం వేస్తారు.

ఎండ గురించి కూడా చెప్పాలి. ఉత్తరం ఫేసింగ్ ఇంటికి మధ్యాహ్నం ఎండ ముందునుంచి కొడుతున్నట్టు చేసిన ఎలివేషన్లు ఎన్ని ఫ్లెక్సీల మీద చూసుంటావో! మన 17 డిగ్రీల అక్షాంశంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉండేది మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకానే, అదీ కాస్తే. మిగతా ఏడాదంతా ఆ ముఖం మధ్యాహ్నం నీడలోనే. అలాంటి ఇంటికి సందెవేళ వ్యూ చెయ్యి, ఆకాశం నీలంగా, లోపల లైట్లు వెలిగించి. అబద్ధమూ ఉండదు, అందమూ పోదు. చెట్లూ అంతే. సాఫ్ట్‌వేర్‌కి వచ్చే రెడీమేడ్ మోడళ్ల లైబ్రరీలో దొరికాయి కదా అని మన కాలనీల్లో మేపుల్ చెట్లు నాటకు. వేప, కానుగ, బాదం పెట్టు.

బిల్డర్ల భాష వేరు. "కొంచెం రిచ్‌గా కావాలండీ" అంటారు. మొదట్లో జుట్టు పీక్కుంటావు. దానికి తొంభై శాతం అర్థం, వెలుగు కాస్త పసుపు తిప్పమని, ఎక్కడో ఒకచోట చెక్క కనబడాలని. "స్పేషియస్‌గా" అంటే లెన్సు వెడల్పు చెయ్యమని. ఇక్కడ జాగ్రత్త. మరీ వైడ్ లెన్సు పెడితే పది బై పదకొండు బెడ్‌రూమ్ ఫంక్షన్ హాల్లా కనబడుతుంది. మంచం పొడుగు సాగిపోతుంది. లెన్సు మిల్లీమీటర్లు తగ్గేకొద్దీ వైడ్ అవుతుంది, నేను గదుల్లో 24 మిల్లీమీటర్ల కన్నా కిందికి వెళ్లను, వెళ్లమంటే వాదిస్తాను. 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 12వ సెక్షన్ ప్రకారం, ప్రకటనలోనో మోడల్ ఫ్లాట్‌లోనో ఉన్న తప్పుడు సమాచారం నమ్మి డబ్బు కట్టినవాడు నష్టపోతే బిల్డర్ పరిహారం ఇవ్వాలి, వద్దనుకుని వెళ్లిపోతానంటే కట్టిన సొమ్ము వడ్డీతో సహా తిరిగివ్వాలి. బ్రోచర్ కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఊహాచిత్రం అని వేసుకుంటారు గానీ, పక్కన చెరువు లేనిచోట చెరువు పెట్టమంటే నేను ప్లాన్ చూపించమంటాను. సాధారణంగా అక్కడితో ఆ మాట ఆగిపోతుంది.

ఏఐ వచ్చి ఈ పని తినేస్తుందా అని అడిగావు. మూడ్ కోసం చేసే తొలి బొమ్మలు ఇప్పటికే తినేసింది. కానీ ఫలానా కిటికీ నాలుగున్నర అడుగులు, కిటికీ అడుగు గట్టు (సిల్) మూడడుగులు, రివిజన్‌లో ఆరంగుళాలు జరిగింది అంటే ఇంకా మనిషే కావాలి. డ్రాయింగ్ చదవగలిగినవాడికి ఇంకొన్నాళ్లు ఢోకా లేదనే నా లెక్క.

పోర్ట్‌ఫోలియోలో నలభై బొమ్మలు పెట్టకు. ఐదు చాలు. వాటిలో ఒకటి మీ వరండా, పక్కన ఫోటోతో సహా. మా ఆఫీసులో మనుషుల్ని తీసుకునేటప్పుడు నేను చూసేది అలాంటివే. అందరూ ఒకే ట్యుటోరియల్లోని అదే సోఫా పంపిస్తారు.

ఉద్యోగం ఇప్పుడే మానకు. సాయంత్రాలు, ఆదివారాలు దీనికి పెట్టు, ఐదు బొమ్మలూ తయారయ్యాక మాట్లాడుకుందాం. ఇంట్లోవాళ్లకి కూడా అలా చెబితే ఒప్పుకుంటారు. లాప్‌టాప్ కొనకు, అదే డబ్బుకి డెస్క్‌టాప్ ఎక్కువ పని చేస్తుంది, ఎండాకాలం రెండర్, అంటే తుది బొమ్మ తీయడం, పెట్టినప్పుడు వేడెక్కి చావదు కూడా. ఆర్టీఎక్స్ గ్రాఫిక్స్ కార్డు 12 జీబీది, ర్యామ్ 32కి తగ్గకుండా, ఒక మంచి యూపీఎస్. మీ బావ షాపులోనే తీసుకుంటానంటే సరే, కానీ కొటేషన్ నాకు పంపి, నేను చూశాకే అడ్వాన్సు ఇవ్వు.

నీ
రమణ