పూర్ణమ్మకి కిరీటం పెట్టేసి చప్పట్లు కొట్టామండీ

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మా మనవరాలి స్కూల్ యాన్యువల్ డేకి వెళ్ళాను, గురజాడ గారి గేయం పుత్తడిబొమ్మ పూర్ణమ్మని డాన్స్ డ్రామాగా వేశారు. పిల్లలు బాగా చేశారు, వాళ్ళననడానికి ఏం లేదు. ఇద్దరు పిల్లలు నీలం చీర చెరో కొసా పట్టుకుని ఊపుతుంటే అదే కొలను, పూర్ణమ్మ వేషం వేసిన పాప దాని వెనక్కి వెళ్ళి అర నిమిషంలో కిరీటం పెట్టుకుని దుర్గమ్మలా పైకి లేచింది, ఇంక హాలంతా చప్పట్లే, వెనకెవరో ఈల కూడా వేశారు. నా పక్కనావిడైతే దణ్ణం పెట్టేసి "ఎంత పుణ్యం చేసుకుందో తల్లి" అంది. మా మనవరాలు మాత్రం నా చెవిలో "తాతా, వాళ్ళ నాన్నని ఎవరూ ఏమీ అనలేదేంటి" అంది.

నిజమే కదండీ. కాసులకి ఆశపడి కూతుర్ని ముసలాయనకి కట్టబెట్టారు. ఆ పిల్ల చచ్చిపోయిందని గురజాడ గారు నోరు తెరిచి అనరు, కళ్ళలో కాంతి కలువల్ని చేరింది, నడక హంసల్ని చేరింది, దుర్గను చేరెను పూర్ణమ్మ అంటారు, అంతే. కానీ దానికి ముందు ఒక సాయంత్రం ఉంది చూడండి, ఆవులు మందకొస్తాయి, పిట్టలు చెట్లకి చేరతాయి, చుక్కలు పొడుస్తాయి, పిల్ల మాత్రం ఇంటికి రాదు. సరిగ్గా ఆ ముక్కే కోసేశారు! అది పోయాక మిగిలింది అమ్మవారి మహిమ కథే. పైగా వెళ్ళేముందు అన్నదమ్ములతో ఏమంటుందో తెలుసా, నలుగురూ కూర్చుని నవ్వుకునేటప్పుడు నా పేరొకసారి తలుచుకోండి, మీ కూతుళ్ళలో ఒకదానికి నా పేరు పెట్టండి అంటుంది. దేవత అయిపోవాలనుకునే పిల్ల అడిగే మాటలా అవి?

ఎప్పటిదో కథలే అనుకోకండి, 1991లో మన పాతబస్తీ నుంచే పట్టుమని పదకొండేళ్ళు కూడా నిండని పిల్లని 60 ఏళ్ళ అరబ్బుకిచ్చి పెళ్ళి చేసి పంపించేస్తుంటే, ఢిల్లీ ఫ్లైట్‌లో ఏడుస్తోందని ఎయిర్ హోస్టెస్ ఒకావిడ దగ్గరికెళ్ళి అడగబట్టి బయటపడింది. ఇప్పుడు బాల్యవివాహాలు ఆపడానికి 2006 చట్టం ఉంది, పిల్లల కోసం 1098 హెల్ప్‌లైన్ నంబరుంది, అయినా ఏడుపు ఎవరో ఒకళ్ళకి వినపడాలిగా.

స్కూళ్ళవాళ్ళకి మీ పేపర్ ద్వారా నాదొకటే రిక్వెస్ట్. దుర్గమ్మ సీన్ వద్దనను, అది గురజాడ గారు రాసిందే, కాకపోతే ఆ సాయంత్రం చరణాలు ఉంచండి, లైట్లు తగ్గించి చదివితే రెండు నిమిషాలు పట్టదు. ఆ రోజు చీఫ్ గెస్ట్ గారి స్పీచే 40 నిమిషాలు నడిచింది మరి.

ఇట్లు,
ఒక తాతయ్య,
చిక్కడపల్లి, హైదరాబాద్