మేత్రాణుల (బిషప్పుల) పూజావస్త్రాలు వెంకటగిరిలో నేయించండి

సంపాదకులకు నమస్కారం.

కావలిలో మా కథోలిక విచారణ (పారిష్) గుడి పూజావస్త్రాలు ఉతికి, ఇస్త్రీ చేసి, బీరువాలో సర్దే పని నేను చూసుకుంటాను. పవిత్రాత్మ దిగివచ్చిన పెంతెకోస్తు పండగ తరచూ రోహిణి కార్తెకు అటూ ఇటూగా వస్తుంది. పిల్లలకు భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) ఇవ్వడానికి మేత్రాణులవారు వచ్చేది కూడా ఆ ఎండల్లోనే. లోపల పొడవాటి తెల్ల అంగీ, దానిమీద స్టోల్ అనే మెడపట్టీ, పెద్ద పూజల్లో అయితే డాల్మాటిక్ అనే చేతుల అంగీ, ఆపైన ఎర్రటి పూజావస్త్రం, తలమీద మైటర్ అనే ఎత్తు టోపీ. ఇవన్నీ ఉండాల్సినవే. డాల్మాటిక్ నిజానికి డీకన్ల వస్త్రం, అంటే గురువుల కింది పట్టం పొందిన సేవకులది. డీకన్ సేవ కూడా మేత్రాణుల పట్టంలో కలిసే ఉంటుంది కాబట్టి దాన్నీ వేసుకుంటారు. ఇందులో ఒక్కటి కూడా తగ్గించమని నేను అడగను.

నా బాధంతా గుడ్డ గురించే. పైవస్త్రం పాలిస్టర్, దానిమీద దట్టంగా మెషీన్ ఎంబ్రాయిడరీ, వెనక అట్టలాంటి లైనింగ్. గాలి ఆడదు. పూజ అయ్యాక విప్పితే లోపలి అంగీ పిండేలా ఉంటుంది. పెద్ద వయసులో అంతసేపు ఆ ఉక్కలో నిలబడటం చూస్తుంటే నాకు కళ్లనీళ్లు తిరుగుతాయి.

పల్చటి నూలుకు పేరుపడ్డ వెంకటగిరి మన పక్కనే ఉంది. రోమన్ మిస్సల్ (పూజా గ్రంథం) సాధారణ నియమావళి 343లో, ఆయా ప్రాంతాల సహజమైన బట్టలతో పూజావస్త్రాలు కుట్టించుకోవచ్చని ఉంది. అందం గుడ్డలోనూ కుట్టులోనూ ఉండాలిగానీ అలంకారాలు దట్టించడంలో కాదని 344 చెబుతోంది. పూజలో మన దేశ పద్ధతులు పాటించడానికి 1969లో రోమ్ ఒప్పుకున్న 12 అంశాల్లో అంగవస్త్రం కూడా ఉంది. ఇంకా మనకు అడ్డేమిటి?

మగ్గం పన్నా చాలదంటారు. నడిమధ్య అతుకు వేసి, దానిమీద నిలువుగా జరీ పట్టీ కుడితే అతుకు కనబడదు. పూజావస్త్రానికి ఎలాగూ ఆ పట్టీ ఉంటుంది. లైనింగ్ అక్కర్లేదు.

గురుపట్టాభిషేకాలకు, జూబిలీలకు వస్త్రాలు కానుకిచ్చే కుటుంబాలను నేను వేడుకునేది ఒక్కటే. కేటలాగ్ చూసి కొనకండి, నేతగాళ్ల దగ్గరికి వెళ్లండి. ముందు ఎర్ర వస్త్రం నేయించండి. వచ్చే పెంతెకోస్తుకు అందాలంటే క్రిస్మస్‌లోపే చెప్పాలి, మగ్గం పనికి టైమ్ పడుతుంది. జరీ నల్లబడుతుందేమోనని భయపడకండి. ఉతికి నీడన ఆరేయడం నేర్పమంటే ఏ విచారణకైనా వచ్చి నేర్పుతాను.

– ఒక విచారణ సభ్యురాలు, కావలి