కార్యదర్శి వార్షిక నివేదిక

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్య మిత్రులందరికీ నమస్కారం.

రెండు జాతుల క్రీడా విలేకరులను కలిపే మన సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కాబట్టి నేరుగా పనిలోకి వస్తాను. ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవలసింది జంట రచన కార్యశాల. రెండు జాతుల క్రీడా విలేకరులను ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి, ఒకే మ్యాచ్‌కు ఒకే వార్త రాయించాం. ఇద్దరూ ఒప్పుకుంటేనే వార్త పూర్తయినట్లు.

అభ్యాసానికి 2018 ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌లో స్విట్జర్లాండ్ 2–1తో సెర్బియాను ఓడించిన మ్యాచ్‌ను ఎంచుకున్నాం. గోల్స్ కొట్టిన జాకా, షకీరి ఇద్దరివీ కొసావో అల్బేనియన్ కుటుంబాలు. కొసావో తన నుంచి విడిపోవడాన్ని సెర్బియా ఒప్పుకోదు. చేతులతో అల్బేనియా జెండాలోని రెండు తలల డేగ గుర్తు చూపినందుకు ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా ఒక్కొక్కరికీ 10,000 స్విస్ ఫ్రాంకుల జరిమానా వేసింది. ఒక జంటలో ఒకరు ఆ గుర్తుతోనే వార్త మొదలుపెట్టారు, రెండోవారు దాని ఊసే ఎత్తలేదు. భోజనాల వేళ దాటినా వాదన తెగలేదు. చివరకు ఆటను ముందుంచి, ఆ గుర్తు సెర్బియా అభిమానులను ఎందుకు నొప్పించిందో, జాకా తండ్రి, కొసావో, సెర్బియా రెండూ భాగంగా ఉన్న నాటి యుగోస్లావియాలో రాజకీయ ఖైదీగా ఎలా జైలు పాలయ్యారో పక్కపక్కనే రాశారు. ఎటువైపు పాఠకుడు చదివినా, తన వాళ్లు ఎన్నడూ చెప్పని సంగతి ఒకటి అందులో దొరుకుతుంది. మన సంఘం పెట్టుకున్నదే ఇందుకు.

మధ్యాహ్నం ఐవరీ కోస్ట్ ఫుట్‌బాల్ ఆటగాడు డ్రోగ్బా గురించి గట్టి చర్చ జరిగింది. 2005లో, అంతర్యుద్ధం నడుమ, ఐవరీ కోస్ట్ ప్రపంచ కప్‌కు అర్హత సాధించగానే ఆయన సహచరులతో కలిసి మోకాళ్లపై కూర్చుని ఆయుధాలు వదలమని వేడుకున్నారు. దాంతోనే యుద్ధం ఆగిందని రాయడం మన రంగంలో అలవాటైపోయింది. కానీ 2007 మార్చిలో ప్రభుత్వానికి, తిరుగుబాటుదారులకు మధ్య వాగడూగు శాంతి ఒప్పందం కుదిరాకే తిరుగుబాటుదారుల కేంద్రమైన బువాకేలో జాతీయ జట్టు ఆడగలిగింది. 2010 ఎన్నికల తర్వాత మళ్లీ నెత్తురు పారింది. ఆటకు లేని శక్తిని అంటగడితే సంధి కోసం పాటుపడినవారి శ్రమను తుడిచేసినట్లేనని నా గట్టి అభిప్రాయం.

ఇక బాధ కలిగించిన సంగతులు. ప్రారంభోత్సవానికి వస్తానని మాట ఇచ్చిన క్రీడా సమాఖ్య అధికారి ఆ రోజు ఫోను కూడా ఎత్తలేదు. మీడియా పాసుల కోసం పెట్టిన అర్జీకి ఇంతవరకు జవాబు లేదు. రాత్రి మ్యాచ్‌ల వార్తలను రెండో భాషలోకి మారుస్తామని పేర్లిచ్చిన సభ్యుల్లో చాలామంది ఆ వేళకు కనిపించరు. ఒక భాషవారికి వార్త వెంటనే అంది, రెండో భాషవారికి మర్నాడు అందితే, ఈలోగా పుకార్లే రాజ్యమేలుతాయి. రాలేనివారు కనీసం ముందుగా చెప్పండి.

జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా అందజేశారు. ఆడిటర్ సంతకం అయింది.

కార్యశాలకు హాలు ఇచ్చిన దాతకు, శిక్షణ ఇచ్చిన సీనియర్ విలేకరులకు, వెబ్‌సైట్ చూసుకుంటున్న యువ సభ్యులకు, తెల్లవారుజామున కూడా ప్రూఫులు దిద్దిన సంపాదక ఉపసంఘానికి పేరుపేరునా కృతజ్ఞతలు.

సభ ముందు ఒక తీర్మానం ఉంచుతున్నాను. గెలిస్తే జర్మన్‌ను, ఓడితే వలసదారును అంటూ 2018లో టర్కీ మూలాలున్న ఓజిల్ జర్మనీ ఫుట్‌బాల్ జట్టును వీడారు. 2021 యూరో ఫైనల్లో పెనాల్టీలు తప్పిన ఇంగ్లాండ్ నల్లజాతి ఆటగాళ్లు రాష్‌ఫోర్డ్, సాంచో, సాకాలపై జాతి దూషణలు వెల్లువెత్తాయి. అందుచేత ఓటమికి, పొరపాటుకు, ఫౌల్‌కు సంబంధించిన మన శీర్షికల్లో ఆటగాడి జాతిని ప్రస్తావించరాదు. చర్చించి ఆమోదించవలసిందిగా సభ్యులను కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి