మన పాత సైటు ఇంకా అక్కడే ఉంది శీనూ

ఒరేయ్ శీనూ,

ఫోన్‌లో అయితే నువ్వు మధ్యలో అడ్డుపడతావు, విషయం ఎటో పోతుంది, అందుకే రాస్తున్నా. చివరిదాకా చదువు.

పోయిన నెల అమ్మకి ఎవడో ఫోన్ చేశాడు. చెల్లి పేరు, బావ పేరు, విజయవాడ ఇంటి నంబరుతో సహా చెప్పి, మీ అమ్మాయి పేరు మీద వచ్చిన పార్సిల్ పట్టుబడింది, డబ్బు కట్టకపోతే కేసు అన్నాడట. అమ్మ భయపడిపోయి పాస్‌బుక్ కూడా తీసేసింది. సమయానికి పక్కింటావిడ వచ్చింది కాబట్టి సరిపోయింది. ఇవన్నీ వాడికెలా తెలిశాయా అని నాకు ఆ రాత్రి నిద్రలేదు. తెల్లారి నాన్న నంబరు (ఇప్పుడు అమ్మ వాడేది అదే) గూగుల్‌లో కొట్టి చూస్తే వచ్చింది మన సైటు! 2006లో చెల్లి పెళ్లికి అమీర్‌పేట నెట్ సెంటర్‌లో కూర్చుని పెట్టాం చూడు, ఆ శుభలేఖ పేజీ. అప్పట్లో యూనికోడ్ (ఏ కంప్యూటర్లో అయినా తెలుగు తెలుగులాగే కనిపించే పద్ధతి) వాడలేదు కాబట్టి మనం కొట్టిన తెలుగంతా ఇప్పుడు పిచ్చి గుర్తుల్లా కనిపిస్తోంది, నంబరు మాత్రం చక్కగా ఉంది, పైన స్కాన్ చేసిన కార్డులో పేర్లూ అడ్రసూ ఉన్నాయి. వాడు అక్కడే చూశాడని రుజువు లేదు గానీ, అవన్నీ ఒకేచోట ఉన్నది నాకు అక్కడే కనిపించింది.

డొమైన్ (సైటు పేరు) వదిలేసి పదేళ్లు దాటింది కదా అంటావు. పేరు పోయింది, ఫైళ్లు పోలేదురా. సర్వర్ ఐపీ అడ్రసు (దాని అంకెల చిరునామా), టిల్డా (~), పక్కన యూజర్‌నేమ్ కొడితే మొత్తం తెరుచుకుంటోంది. ఉచితంగా పేజీలు పెట్టుకోనిచ్చిన జియోసిటీస్‌ని 2009లో మూసేసినప్పుడు నీ మొదటి పేజీ పోయినట్టే ఇదీ పోయిందనుకున్నా.

పాస్‌వర్డ్ గుర్తులేదు, మార్చుకుందామంటే లింకు వెళ్లేది ఎప్పుడో మూతపడ్డ మెయిల్‌కి. సైటుకి సర్వర్‌లో చోటిచ్చిన హోస్టింగ్ వాళ్లకి ఆరు మెయిళ్లు రాశాక పాత రసీదు అడిగారు, అది నాన్న ఫైల్లో దొరికింది, భద్రంగా పిన్ను కొట్టి పెట్టారు. లోపలికెళ్లి ఎఫ్‌టీపీలో (సర్వర్‌లో ఫైళ్లు పెట్టడానికీ తీయడానికీ వాడేది) అన్నీ డిలీట్ చేస్తే గెస్ట్‌బుక్ (పేజీ చూసినవాళ్లు ఒక మాట రాసి వెళ్లేది) ఫోల్డర్ ఒక్కటి కదలదు, ప్రతిసారీ 550 ఎర్రర్, పర్మిషన్ డినైడ్, అంటే అనుమతి లేదని. ఆ ఫోల్డర్‌ని తయారుచేసింది మనం కాదు, గెస్ట్‌బుక్‌ని నడిపే స్క్రిప్టు (చిన్న ప్రోగ్రాం). అందుకని దాని ఓనర్‌గా మన ఖాతా కాకుండా వెబ్ సర్వర్ నడిచే 'నోబడీ' అనే యూజర్ ఉన్నాడు. ఓనర్ని మార్చండి అని మళ్లీ సపోర్టుకి రాసి నాలుగు రోజులు ఆగాల్సి వచ్చింది.

ఆగడమే మంచిదైంది. తీసేముందు గెస్ట్‌బుక్ చదివాను. నాన్న ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాశారు శీనూ. పేజీ చూశాను, బాగుంది, మీ అమ్మ పేరు ముందు శ్రీమతి మర్చిపోయావు, చేర్చు అని. వెళ్లి చూశాను, చేర్చలేదు. ఇప్పుడు నా దగ్గరున్న కాపీలో చేర్చాను, అమ్మకి చూపించాను.

సర్వర్‌లో పోయినా గూగుల్‌లో రెండు రోజులు కనిపించింది. పాత సమాచారం తీసేయమని అడిగే ఫారం ఒకటి ఉంది, అది నింపితే పోయింది. పాత వెబ్ పేజీల కాపీలు దాచిపెట్టే వేబ్యాక్ మెషిన్‌లో 2007 నాటి కాపీ ఉంది, వాళ్లకీ మెయిల్ పెట్టాను, చూడాలి.

అసలు సంగతి ఇది. అదే సర్వర్‌లో నీ పేజీ కూడా ఉంది. నీ బయోడేటా, పుట్టిన తేదీ, మీ అమ్మగారి నంబరు, అన్నీ. ఖాతా నీ మెయిల్ మీద ఉంది కాబట్టి నేను తీయలేను. ఈ ఆదివారం వేరే పని పెట్టుకోకు. ముందు అంతా డౌన్‌లోడ్ చేసుకుని, ఆ తర్వాతే డిలీట్ చేయి. అలాంటి ఫోన్ వస్తే పెట్టేయమని అమ్మగారికి ఇవాళే చెప్పు, పొరపాటున డబ్బు పోతే ఆ క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని కూడా. నీ గెస్ట్‌బుక్ కూడా 550 అంటుంది, అప్పుడు నాకు ఫోన్ చేయి, సపోర్టుకి ఏం రాయాలో చెప్తా.

నీ,
రవి